ఈశాన్యానికి వాలిన బాత్రూము

రద్దీ రోజున కొండ మీద గది దొరకడం కంటే తిరుచానూరులో మేస్త్రి దొరకడం కష్టం. ఇక్కడ ఏ సందులో చూసినా ఒక లాడ్జి పైకి లేస్తూ ఉంటుంది. లేవడం అయిపోయిన లాడ్జికి ఇంకో అంతస్తు మొలుస్తూ ఉంటుంది. అంత పని వదిలిపెట్టి, మా వరండా మూలలో ఒక చిన్న బాత్రూము కట్టడానికి ఎవడొస్తాడు? అయినా మా మేస్త్రి వచ్చాడు, మంచివాడే. గోడలు లేపాడు, పైపు వేశాడు, పైన రేకు కప్పాడు. ఒక పొద్దున తట్ట, పార, తాపీ మూలన పెట్టి "టీ తాగేసొస్తానబ్బా" అని పోయాడు. అంతే.

బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం చూడండి, మా వైపు మేస్త్రులు పనిముట్లు వేసి పని పట్టుకుంటారు. తువ్వాలు వేసినవాడైనా బస్సు కదిలేలోపు ఎక్కి కూర్చుంటాడు. మేస్త్రి అట్లా కాదు. ఆయన తాపీ మన ఇంట్లో ఉన్నంతకాలం ఇంకో మేస్త్రి మన గడప తొక్కడు. వాళ్ళలో వాళ్ళకు అదొక మర్యాద.

ఫోన్ చేస్తే ఎత్తేవాడు. "వస్తాండానబ్బా, ఆటోలో ఉండా" అనేవాడు. నేను తోలేది ఆటో. ఆ మాటకు అర్థం నాకు తెలియనిది కాదు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని "సందు తిరిగేసినా సార్" అని బేరానికి చెప్పే నోరు నాది.

ఆ బాత్రూము మా అమ్మ కోసం. ఉన్న బాత్రూము పెరటి చివర, మెట్లు దిగి పోవాలి, కింద కూర్చోవాలి. అమ్మ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఎక్కువ అరిగిన కాలికి ముందు ఆపరేషన్ చేద్దామని తిరుపతి ఆస్పత్రిలో చెప్పారు. తర్వాత మెట్లు దిగకూడదు, కింద కూర్చోకూడదు, జారి పడితే చేసినదంతా వృథా అని కూడా చెప్పారు. అమ్మ అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చాక తన షరతు చెప్పింది.

"ఒగరు రెక్క పట్టుకోని లోపలికి తోడుకోని పోయి, ఇంగొకరు వాకిట్లో నిలబడి 'అయిందా అయిందా' అనే బతుకు నాకొద్దురా. నేనే పోవాల, నేనే గొళ్ళెం పెట్టుకోవాల, నేనే రావాల. అట్లయితేనే కాలు కోయించుకుంటా. లేకుంటే ఈ కాలు ఇట్లే ఉండనీ."

కాబట్టి ఆమె ఆస్పత్రి నుంచి వచ్చేలోపు ఆ బాత్రూము నిలబడి తీరాలి. మేస్త్రి చూస్తే ఇంకా ఆ టీ తాగుతూనే ఉన్నాడు. అమ్మను ఆస్పత్రిలో చేర్చిన మర్నాడు మా ఆవిడ మూలన ఉన్న తాపీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే మొదులుపెట్టు."

"నాకేం తెలుసే?"

"నీకు తెలీనిది ఉందని నీ నోటెంట ఈ పొద్దే వింటాండా. ఊరందరికీ సలహాలు సెప్తావు కదా, నీ ఇంటికి సెప్పుకో రవ్వంత."

నిజం చెప్పాలంటే నాకు కొంచెం తెలుసు. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. ఆ ఏడాది బడికి ప్రహరీ గోడ కడుతున్నారు. లెక్కల సారు రోజూ నన్ను బయట నిలబెట్టేవాడు. లెక్కలు ఎంత రాలేదో గోడ కట్టడం అంత వచ్చింది. సారు ఆ రోజుల్లో నన్ను లోపల కూర్చోబెట్టి ఉంటే, ఇవాళ మా అమ్మకు బాత్రూము ఉండేది కాదు.

సొంతంగా పని పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. కమోడ్ ముందుగా కొనకండి. మేం కొన్నాం. పెట్టడానికి చోటు లేక హాల్లో టీవీ ఎదురుగా పెట్టాం. ఎదురింటామె చక్కెర కోసం వచ్చి, అలవాటు కొద్దీ దాని మీదే కూర్చుని, సీరియల్ సగం చూసి, లేవబోతూ కిందికి చూసుకుంది. ఆ తర్వాత చక్కెర కోసం ఇంకో ఇంటికి పోతోంది.

రెండో మాట. ఎవరి కోసం కడుతున్నామో వాళ్ళ ఒంటితో కొలవాలి, మన ఒంటితో కాదు. గోడకు స్టీలు కడ్డీ బిగించాలి, అమ్మ పట్టుకుని లేవడానికి. నేను కమోడ్ మీద కూర్చుని, లేచి, నా చెయ్యి ఆనిన చోట పెన్సిల్‌తో గీత గీశాను. మా ఆవిడ ఆ గీత చూసి నవ్వింది.

"అత్తకు ఇంత పొడుగు సెయ్యి ఉండుంటే నీకు సిన్నప్పుడే ఇంగో నాలుగు తగిలుండేవి, బాగుపడుండేవాడివి."

నన్ను వంటింటి వాకిలి దగ్గరికి లాక్కుపోయింది. తలుపు పక్కన సున్నం మీద నల్లగా, జిడ్డుగా ఒక మచ్చ. అమ్మ లోపలికి పోతూ వస్తూ చెయ్యి ఆనించే చోటు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో తిరుగుతూ ఆ మచ్చను నేను చూడనే లేదు. మా ఆవిడ జేనతో కొలిచి చెప్పిన ఎత్తులోనే కడ్డీ బిగించాను. తలుపు కూడా బయటికి తెరుచుకునేట్టు పెట్టాలని ఆమే చెప్పింది. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డం పడి తెరుచుకోదట. ఇది మేస్త్రికి కూడా తట్టలేదు. తట్టినా టీ కొట్టు దగ్గర తట్టి ఉంటుంది.

ఇక్కడి దాకా బాగానే ఉంది. అప్పుడు మా మామ ఫోన్ చేశాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పలమనేరులో ఉంటాడు, పాల ఆవులు పెట్టుకున్నాడు. ఆవులు మేస్తుంటే ఫోన్లో వాస్తు వీడియోలు చూస్తాడు. అవి మేసినదానికి పాలు ఇస్తాయి. ఈయన చూసినదానికి సలహాలు ఇస్తాడు. వీడియో కాల్ చేసి బాత్రూము మొత్తం చూపించమన్నాడు.

"అల్లుడూ, కమోడ్ మొగం యా పక్కకు?"

"వాకిలి పక్కకు మామా."

"దిక్కు అడుగుతాండారా నేను! సరే, ఉత్తరమేలే. నీళ్ళ వాటం యాడికి ఇస్తాండావు?"

వాటమంటే నేల వాలు, నీళ్ళు పారే దారి. అవి పైపులోకి దిగే చోట పెట్టే చిల్లుల మూత జాలీ.

"జాలీ యాడుందో ఆడికే మామా. మేస్త్రి నైరుతి మూలలో పెట్టి పోయినాడు పైపు."

మామ ఫోన్ వెనక్కి జరిపి నన్ను దూరంగా చూశాడు.

"నైరుతికా? నీళ్ళెప్పుడూ ఈశాన్యానికే పోవాల. దాంట్లో ఇంగ మాటే లేదు."

"పైపు ఈ పక్క ఉండాదే మామా."

"నేను సెప్పేది వాస్తు. పైపుల సంగతి నాతో ఎందుకు మాట్లాడతావు? నైరుతి పల్లమైతే ఇంటి పెద్ద ఆడమనిసికి మంచిది కాదు. మాయక్క ఆడ కాలు కోయించుకోని పండుకోనుండాది. నీ ఇష్టం మల్ల."

ఆ చివరి మాట అనేసి ఫోన్ పెట్టేశాడు. వాస్తు మీద నాకు నమ్మకం లేదు. వాస్తు ప్రకారం కట్టిన లాడ్జీల ముందు ఎన్నిసార్లు నా ఆటో పంక్చరయిందో నాకు తెలుసు. కానీ నమ్మకం వేరు, భయం వేరు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నంతసేపు ఏ దిక్కుతోనూ తగాదా పెట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది.

అందుకని ఒక ఉపాయం వేశాను. ఈశాన్యానికి రవ్వంత వాలిద్దాం. మామ కంటికి కనపడేంత, నీళ్ళ కంటికి కనపడనంత. తెలివైన పని చేశాననుకుని టైల్స్ కూడా అట్లాగే పరిచాను. మూడో మాట ఇదే, రాసుకోకపోయినా గుర్తు పెట్టుకోండి: మామ కంటికి కనపడనివి కూడా నీళ్ళ కంటికి కనపడతాయి. టైల్స్ అంటించకముందే ఒక బకెట్ నీళ్ళు పోసి చూసుకోవాలి. నేను అంటించి, ఆరబెట్టి, తుడిచి, ఫోటో తీసి, ఆ తర్వాత పోశాను.

నీళ్ళు జాలీ వైపు తిరిగి కూడా చూడలేదు. భక్తిగా ఈశాన్యం మూలకు పోయి నిలబడ్డాయి. కొంచెం ఆలోచించుకుని, పక్కనే వాకిలి ఉంది కదా, గడప దాటి వరండాలోకి వచ్చి, మా బియ్యం మూట కింద చేరాయి.

మా ఆవిడ గడప దగ్గర నిలబడి చూసింది. ఈసారి నవ్వలేదు.

"కొత్త మోకాలు పెట్టుకోని అత్త మొదుటి అడుగు ఈ మడుగులో ఎయ్యాల. జారితే మీ ఈశాన్యం వచ్చి లేపుతాదా?"

మామకు ఫోన్ చేసి వాకిట్లో మడుగు చూపించాను. ఆయన తగ్గలేదు.

"ఈశాన్యం మూల గోడకు బొక్క కొట్టి ఇంగో పైపు ఎయ్యి. అయిపాయె."

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. అత్త తమ్ముడు కాబట్టి ఆమెకు చిన్నాయన వరస.

"చిన్నాయనా, ఆ గోడ అవతల ఏముండాదో తెలుసునా?"

"ఏముండాది?"

"దేవుడర. బాత్రూము నీళ్ళు దేవుని పటాల కింద తీసుకోని పొమ్మని మీ వీడియోలో ఉండాదా?"

మామ వెనకాల ఒక ఆవు మాత్రం అరిచింది.

మరుసటి పొద్దున ఆయన పాల క్యానుతో సహా బస్సు దిగి, నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. మేమిద్దరం అప్పటికే అక్కడ ఉన్నాం. అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు కట్టిన కాలు ముందుకు చాపి, అది ఎవరిదో పరాయి కాలు అన్నట్టు చూస్తోంది. ఈ పంచాయితీ ఆమె చెవిన వెయ్యొద్దని మేం ముగ్గురం ముందే అనుకున్నాం. అనుకున్నంతసేపు కూడా మామ ఆగలేకపోయాడు.

"అక్కా, నీ మంచికే సెప్తాండా. నైరుతికి నీళ్ళు పోకూడదు. నీకు అచ్చిరాదు."

అమ్మకు విషయం మొత్తం చెప్పాల్సి వచ్చింది. పైపు ఎక్కడుందో, వాలు ఎటుందో, బియ్యం మూట ఎట్లా తడిసిందో. అంతా విని అడిగింది.

"పెరట్లో పాత బాత్రూము నీళ్ళు యాడికి పోతాండాయిరా ఇన్నేండ్లూ?"

మామ పైకి చూసి వేళ్ళతో దిక్కులు లెక్కపెట్టాడు. "నైరుతికే."

"మరి నేను బాగనే ఉండానే."

"మోకాలు పాయె కదక్కా!"

"మోకాలు పోయింది నీళ్ళ వల్ల కాదురా. నిన్ను సంకనేసుకోని పలమనేరు సంతంతా తిప్పితిని కదా, దాన్తో పోయింది. ఆ పొద్దు నీకు ఈశాన్యం తెలిసుంటే దిగి నడిసుండేవాడివి."

పక్క మంచం ఆమె నొప్పి మర్చిపోయి నవ్వింది. మామ పాల క్యాను మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టాడు. అమ్మ నా వైపు తిరిగింది.

"పగలగొట్టు. నీళ్ళు పోయే దిక్కు నీళ్ళకు తెలుసు. నాకు కావాల్సింది తడి లేని నేల. నేను ఒగదాన్నే నడిసే నేల."

టైల్స్ పగలగొట్టేటప్పుడు మొదటి దెబ్బ మామే వేశాడు. ఎవరూ అడగలేదు. చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి, "మీ తిరపతి ఎండలో మనిసి ఎట్ల బతుకుతాడబ్బా" అని దెబ్బకొకసారి అంటూ, అంటించినవన్నీ ఊడగొట్టాడు. ఈసారి ఎక్కడా ఉపాయం వెయ్యలేదు. సిమెంటు నేల వాటం జాలీ వైపు ఇచ్చి, ఆరాక, టైల్స్ పెట్టకముందే నీళ్ళు పోశాం. ఒక గోలీ తెచ్చి నాలుగు మూలల నుంచీ దొర్లించాం. నాలుగుసార్లూ అది జాలీ దగ్గరికే పోయింది. మామ ఈశాన్యం మూల నుంచి ఇంకోసారి దొర్లించాడు. అది మళ్ళీ జాలీకే పోయింది. ఆయన నిట్టూర్చి, "సరేలే, అదన్నా సుఖంగా పోనీ" అన్నాడు. మిగిలిన నున్నని టైల్స్ షాపులో తిరిగి ఇచ్చేసి, గరుకువి తెచ్చి పరిచాం. నునుపు చూడటానికి బాగుంటుంది, తడి కాలికి కాదు.

మేస్త్రి ఆ మర్నాడు వచ్చాడు. తాపీ కోసం. లోపలికి తొంగి చూసి, "బాగనే సేసినారే, ఇంగ నాతో పనేముంది?" అని నిష్ఠూరంగా అని, పనిముట్లు ఇంకో ఇంట్లో వెయ్యడానికి తీసుకుపోయాడు.

అమ్మ వచ్చింది. నా ఆటోలోనే, కాలు చాపుకుని, గుంత గుంతకూ నన్ను తిడుతూ. వాకర్ పట్టుకుని వరండా ఎక్కి, మంచం మీద కూర్చోమంటే వినకుండా నేరుగా బాత్రూము దగ్గరికి పోయింది. టైల్స్ మీద ముందు బాగున్న కాలు పెట్టింది, తర్వాత కొత్త మోకాలి కాలు పెట్టింది.

"ఏందిరా, కొత్త రోలు మాదిరి గరుకుగా ఉండాది?"

"జారకుండా అమ్మా."

"మ్మ్." లోపలికి పోయి తలుపు లాక్కుంది. గొళ్ళెం పడింది.

మేం ముగ్గురం బయట, తలుపులు ఎప్పుడు తీస్తారా అని క్యూలో నిలబడిన భక్తుల మాదిరి నిలబడ్డాం. లోపల వాకర్ చప్పుడు. తర్వాత ఏమీ లేదు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. మామ చెవి తలుపుకు ఆనించబోయి, అక్క బాత్రూము అని గుర్తొచ్చి వెనక్కి తగ్గాడు. కాసేపటికి మగ్గు చప్పుడు, నీళ్ళు జాలీలో గుటకలు వేస్తూ దిగిపోయే చప్పుడు. నేను ఆగలేకపోయాను.

"అమ్మా, ఏమన్నా కావాల్నా?"

"కావాలరా. మీరు ముగ్గురూ ఆణ్ణించి పోవాల."

పోయాం. పెరట్లో కూర్చున్నాం. ఎన్నాళ్ళ తర్వాతో తొందర లేకుండా, తోడు లేకుండా స్నానం చేస్తోంది మనిషి. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అని మా ఆవిడ రెండుసార్లు లేచింది, రెండుసార్లూ తనంతట తనే కూర్చుంది. మామ పంచె మార్చుకుని బయల్దేరాలి. ఆయన పంచె, సంచి రెండూ బాత్రూములో కొక్కేనికే ఉన్నాయి. పలమనేరు బస్సు వేళ దగ్గర పడింది, అయిపోయింది, బస్సు వెళ్ళిపోయింది. తలుపు మాత్రం ఎవరం తట్టలేదు.