పెదనాన్న ముక్కు, నా ముక్కు

మొన్న ఆదివారం పొద్దున్న పొయ్యి మీద పాలు పొంగి, ఇంకిపోయి, గిన్నె అడుగంటి మాడి బొగ్గయ్యేదాకా నేను వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూనే ఉన్నాను. పక్కింటి ఒడియా ఆవిడ గోడ అవతలి నుంచి కేకేసింది. మా ఆవిడ తడి జుట్టుతోనే స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చి, "ఈదంతా మాడు కంపు కొడతంటే మీకు పేపరే లోకమేటి?" అని గిన్నెని తూములో పడేసింది. చదువుతూ మునిగిపోయానని చెప్పి తప్పించుకున్నాను. అందులో అంతగా మునిగిపోవలసిన సంగతి ఏదీ లేదని మా ఇద్దరికీ తెలుసు.

నా ఈడు వాళ్ళు కాబట్టి మీతో చెప్పుకుంటే తప్పులేదు. నాకు వాసన తెలియడం మానేసి రెండేళ్ళు దాటింది. కళ్ళు మందగిస్తే అద్దాలిచ్చారు, పళ్ళు ఊడితే సెట్టు కట్టారు, చెవికి మిషనూ మోకాలికి పట్టీ ఉండనే ఉన్నాయి, ముక్కుకి మాత్రం ఏ కొట్లోనూ ఏమీ అమ్మరు. డాక్టరు లైటు వేసి చూసి, వయసండీ అని ఒక్క మాటతో సరిపెట్టి, తరువాతి మనిషిని పిలిచాడు. చారులో ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, ఇంగువ తెలియదు. రోజుకి రెండు పూటలా అలాంటి చారు తాగుతూ ఇంకా ఎన్నాళ్ళు గడపాలా అని విసుగొస్తుంది. ఇదే సంగతి ఏ బియ్యం వర్తకుడికో జరిగితే ఇంత బాధ ఉండదు. నేను ముక్కు మీద బతికినవాణ్ణి.

బరంపురం గేట్ బజార్లో మాది అత్తర్ల కొట్టు. మా గంజాం తీరాన ఇసక నేలల్లో పెరిగే మొగలి పొదలు వానలు పడగానే పూతకి వస్తాయి. ఆ పూలని తెల్లారకుండా కోసి భట్టీలకి చేరవేస్తే, అక్కడ పెద్ద రాగి పాత్రల్లో కాచి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టి అత్తరు తీస్తారు. ఎండెక్కాక కోసిన పువ్వైతే అత్తరులో పసరు వాసన ఉంటుంది, మంట ఎక్కువైతే అడుగున మాడు వాసన ఉంటుంది, ఇవేవీ కంటికి కనబడవు. మంచి సరుకేదో తేల్చవలసింది ముక్కే.

మా నాన్న పోయాక చదువు మానేసి ఇరవయ్యో ఏట నేను ఆ కొట్లో చేరేనాటికి, దాన్ని నడిపించేది మా పెదనాన్న. ఆయనకి పిల్లల్లేరు, నన్నే కొడుకనుకున్నాడు. ఆయన ముక్కంటే భట్టీవాళ్ళకి హడల్. పుల్లకి చుట్టిన దూదిని సీసాలో ముంచి, ఎడమ చేతి వెనక చిన్న గీత గీసి, రెండు క్షణాలు ఆగి, కళ్ళు మూసుకుని పీల్చి, ఆ పువ్వు ఏ ఊరి పొదలోదో కూడా చెప్పేసేవాడు. తెచ్చినవాడు తెల్లబోయి చూస్తే నాకు లోపల్లోపల పండగలా ఉండేది.

నేను చేరిన మూడు నాలుగేళ్ళకి కాబోలు, ఏ సరుకొచ్చినా పుల్ల ముందు నా చేతికి ఇవ్వడం మొదలుపెట్టాడు. "ఒరే, ముందు నువ్వు సూడు. ఏటుందో సెప్పు. గాబరా పడకు." నేను తడుముకుంటూ, పువ్వు మంచిదనో, కొంచెం పసరుందనో, ఎక్కడో తడి గుడ్డ వాసనేస్తోందనో చెబితే, చివరిదాకా విని, తానూ ఒకసారి పీల్చి, "ఊఁ, బాగా సెప్పేవు" అనేవాడు. తన విద్యంతా నాకు ధారపోస్తున్నాడని పొంగిపోయాను. పోనుపోను ఆ పాఠం ఎంతకీ తెమలక విసుగు కూడా పుట్టింది. ఆయన అత్తరు పూసుకోవడం మితిమీరిందీ ఆ రోజుల్లోనే. ఆయన వస్తుంటే సందు మలుపులోనే తెలిసిపోయేది, పెళ్ళికొడుకొస్తున్నాడని మా పెద్దమ్మ దగ్గర నుంచి అందరం ఆటపట్టించేవాళ్ళం. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మా అమ్మాయి రంభ అనే ఊళ్ళో అమ్మమ్మగారింట పుట్టింది. శ్రావణ మాసం, భట్టీల నుంచి రోజూ సరుకు దిగుతున్న రోజులు. పిల్లని చూసొస్తానంటే పెదనాన్న ససేమిరా అన్నాడు. "సీజనెల్లిపోనీరా, తరవాతెల్దువు గాని." బతిమాలాను, అలిగాను, ఆయన కదల్లేదు. ఆఖరికి ఒకనాడు చెప్పకుండానే పొద్దుటి పాసింజరెక్కి వెళ్ళిపోయాను. రెండు రోజులున్నాను. సాంబ్రాణి పొగ పట్టిన ఆ పసి తల వాసన ఎలాంటిదో, ఇవాళ ఏ వాసనా తెలియని నాకు, అదొక్కటి మాత్రం జ్ఞాపకం ఉంది.

తిరిగొచ్చేసరికి కొట్లో కొత్త డబ్బా ఉంది. నేను లేని రోజున పెదనాన్న ఒక్కడే చూసి తీసుకున్న సరుకది. మూత తీశానో లేదో గుప్పున మాడు కంపు కొట్టింది. ఇద్దరు బేరగాళ్ళు కూర్చుని ఉన్నారు, పక్క బట్టల కొట్టాయన టీ తాగుతున్నాడు. చెప్పకుండా వెళ్ళినందుకు తిట్లు కాచుకుని ఉన్నానేమో, నా కోపం నాకు సిద్ధంగా ఉంది. ఆయన తిట్టలేదు. ఎప్పటిలాగే, "ఎలాగుంది?" అన్నాడు.

"మాడి సచ్చింది. ఈ కంపు తెలీకండా ఎలా తీసుకున్నావు పెదనాన్నా? నీకు ముక్కు గానీ పోయిందేటి?" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆయనకి కోపం రాలేదు. దొంగతనం బయటపడిన మనిషిలా నా వంక ఒక్కసారి చూసి, తల వంచుకుని, చేతిలోని పుల్లని గుడ్డతో తుడవసాగాడు. అది తుడవనక్కర్లేని పుల్ల. అప్పుడు తెలిసింది నాకు. అన్నేళ్ళూ ఆయన నాకు పాఠం చెప్పలేదు, తనకి తెలియక నన్ను అడుగుతూ వచ్చాడు. నన్ను రంభకి ఎందుకు పంపలేదో కూడా అప్పుడే తెలిసింది.

మర్నాడు పెదనాన్న కొట్టుకి రాలేదు. ఒంట్లో బాగులేదని పెద్దమ్మ చేత తాళాలు పంపించాడు. ఆ తరువాత రెండేళ్ళు బతికాడు, మళ్ళీ ఆ మెట్లెక్కలేదు, ఒంటికి అత్తరు రాసుకోలేదు. రోజూ సాయంత్రం వెళ్ళి ఆయన పక్కన అరుగు మీద కూర్చుని, వానల గురించీ భట్టీల గురించీ ఏవేవో చెప్పేవాణ్ణి. తప్పయిపోయిందన్న ఒక్క మాట నా నోట రాలేదు. పోయిన రోజున పెద్దమ్మ అడిగితే ఆయన ఎడమ చేతి వెనక అత్తరు నేనే రాశాను. అది మాత్రం మంచి సరుకు.

ఇప్పుడు కొట్టు చూసుకునేది మా అమ్మాయి. అత్తగారిల్లు రెండు సందుల అవతలే, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక తనే వచ్చి కూర్చుంది. ఈ రెండేళ్ళుగా నేను పుల్ల ముందు తన చేతికే ఇస్తున్నాను, ముందు నువ్వు చూడమంటున్నాను, అచ్చం ఆయనలాగే. ముసలి ఒళ్ళు ఏ వాసనేస్తోందో నాకు తెలియదు కదా, ఆ భయానికి రెండు పూటలా స్నానం చేసి అత్తరు పట్టించడమూ మొదలుపెట్టాను. ఆటోవాడు ముక్కు మూసుకుంటే మా అమ్మాయి మొదట్లో పకపకా నవ్వేది. ఒకనాడు నవ్వడం మానేసింది. అప్పట్నుంచీ పొద్దున్నే సీసా నా చేతిలోంచి తీసుకుని, చొక్కా మీద ఒక్క చుక్క తనే అద్ది, "సాలు నాన్నా" అంటుంది.

పాలు మాడిన మర్నాడు సోమవారం, ఛత్రపురం వైపు నుంచి ఒక భట్టీ ఆయన స్వయంగా సరుకు తెచ్చాడు. కొట్లో మరో నలుగురున్నారు. నేను అడక్కముందే మా అమ్మాయి పుల్ల ముంచి, పీల్చి, నా వైపు తిరిగింది. "పువ్వు మంచిదే నాన్నా, తెల్లారకండానే కోసేరు. అడుగున మాత్రం కొంచెం మాడుందని నాకనిపిస్తంది. నువ్వు సూసి సెప్పు." అని నా చేతి వెనక గీత గీసింది. కళ్ళు మూసుకుని పీల్చాను. చల్లగా తగిలింది, అంతే. "ఊఁ, మాడుంది" అన్నాను.

భట్టీ ఆయన చేతులు నలుపుకుంటూ, "మిమ్మల్ని ఏమార్సగలమా బాబూ" అని డబ్బా పట్టుకుపోయాడు. మా అమ్మాయి సీసాలు సర్దుకుంటోంది. బాగా చెప్పావమ్మా అనబోయి, చేతి మీది గీతని గుడ్డతో తుడుచుకున్నాను. తనూ తలెత్తి నా వైపు చూడలేదు.

శ్రావణంలో వాన వెలిసిన పొద్దుటి పూట మా సందు మొదలంటా మొగలి వాసనేసేది. ఇప్పుడు భట్టీలు సగం మూతపడ్డాయి, చందన తైలం కొనే స్తోమత ఎవరికీ లేదు, మొగలి వాసన ఫ్యాక్టరీల నుంచి క్యాన్లలో వస్తోంది. సందులోకి ఇంకా వాసనొస్తోందా అని అడిగితే మా అమ్మాయి వస్తందంటుంది. నిజమో, నా కోసం అంటుందో, నేను మళ్ళీ అడగను. కొంచెం మాడున్నట్టుంది, నువ్వూ సూడు పెదనాన్నా అని ఆవేళ మెల్లిగా నేనొక్క మాట అని ఉంటే, ఆయన బతికిన ఆ రెండేళ్ళూ కొట్లోనే కూర్చుని ఉండేవాడు.