ఊపిరి తీసుకునే చోటు

మా వీధి చివరి బడిలో పిల్లలు పొద్దున్నే జాతీయగీతం పాడుతూ, ఒక ప్రాంతం పేరును సగానికి విరిచి ఊపిరి తీసుకుంటారు. అది వినగానే నా చేతిలో పని ఆగుతుంది. దావీదు మాస్టారు గుర్తొస్తారు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఆయన బెజవాడలో ఒక పెళ్ళిళ్ళ బ్యాండుకు పెద్ద. నేను మగ్గాలకు పడుగు పోగులు లెక్కపెడుతూ, ముహూర్తాల రోజుల్లో ఆయన దగ్గర డ్రమ్ము వాయించేవాణ్ణి. ఏది జాతీయగీతమో అప్పటికింకా తేలలేదు. మా పేట పెద్దలు మాత్రం జెండా ఎగరేసేటప్పుడు ఇప్పుడు బడిలో పాడే ఈ పాటే కావాలన్నారు. వారిలో బట్టలకొట్టు రంగయ్యగారు ఊరుకోలేదు.

"ఇరవై ఏళ్ళు దొరల పాట ఊదిన నోరు గదా మాస్టారూ, మన పాట పలుకుతుందంటారా? అనుమానమైతే ఇప్పుడే చెప్పండి, మైలవరం బ్యాండుకి కబురు పెడతాం."

"నోరు పాతదేనండీ, ఊపిరి రోజూ కొత్తదే," అని మాస్టారు నవ్వారు. బయటికొచ్చాక నవ్వలేదు. సొంత పేటే వద్దన్న బ్యాండును ఇంకెవరు పిలుస్తారు?

మావాళ్ళకు స్వరలిపి చదవడం రాదు. అందుకని స్వరాలకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి, ఎనిమిది దెబ్బలకొక గీత గీసి, అక్కడ ఊపిరి తీసుకోమన్నాను. కాగితం మీద ఎంతో సమంగా కుదిరింది. సాధనలో మాస్టారు మధ్యలోనే ఆపించారు.

"ఇక్కడ గీతెందుకయ్యా?"

"ఎనిమిదీ అయిపోయాయి గదండీ."

"ఏదీ, మాటలతో పాడు."

పాడాను. గీత సరిగ్గా ఒక ప్రాంతం పేరు నడుమ పడింది.

"పెళ్ళి పిలుపుకెళ్ళి, ఇంటాయన పేరు సగం పిలిచి, గుక్క తిప్పుకుని మిగతా సగం పిలుస్తావా? దొరల రాజుగారి పాట ఒక్కమనిషి చల్లగా ఉండాలని కోరేది. మూడేసి దెబ్బలు, మా చర్చి పాటలాగా. ఇది అందర్నీ పేరుపేరునా పిలిచే పాట, నాలుగేసి దెబ్బల నడక. మన బాకాల్లో మాటలుండవు. ఊపిరి ఎక్కడ తీసుకుంటామో అక్కడే అర్థం."

మర్నాడంతా పాడుకుంటూ గీతలు మార్చాను. ఒకచోట ఐదు దెబ్బలకు పడింది, ఒకచోట పదకొండుకు.

జెండా ఎగిరిన ఉదయం, రాజుగారి పాటకు ఊరికే నిలబడే జనమే మాతో గొంతు కలిపారు. మేం ఆగినచోట ఆగారు, ఎత్తుకున్నచోట ఎత్తుకున్నారు. రంగయ్యగారు దగ్గరికొచ్చి, "ఇంకొక్కసారి వాయిస్తారా మాస్టారూ?" అన్నారు. మాస్టారు నన్ను ముందుకు తోశారు. "ఈయన్నడగండి, గీతలు ఈయనవి." మొదటి గీతలూ నావేనని ఆయన ఎవరికీ చెప్పలేదు.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, చేస్తూ నేర్చుకున్నాను. ఆయన వల్ల అబ్బింది ఒక్కటే. ఇప్పటికీ దేన్నైనా భాగాలు చేసేటప్పుడు, సమంగా వచ్చాయా అని చూసే ముందు, గీత ఎవరి మీద పడిందో చూస్తాను.