తూకం పెదనాన్న, రెండు త్రాసులు

పెదనాన్నకు ఎదుటి మనిషి కంటే ముందు ఆ మనిషి చేతిలోని తిండి కనిపిస్తుంది. ఆ తిండి కూడా తిండిలా కాదు, అంకెలా కనిపిస్తుంది. వీధిలో ఎవరైనా అరటిపండు ఒలుచుకుంటూ "బాగున్నారా?" అని పలకరిస్తే "తొంభై అయిదు" అంటాడు. అది తమ పండులోని కేలరీల లెక్క అని తెలియని కొత్తవాళ్ళు, ఆయన వయసు చెప్పాడేమో అనుకుని, "అబ్బే, అలా కనిపించరండీ!" అని మెచ్చుకుని వెళ్ళిపోతారు.

అందరూ కలం పెట్టుకునే జేబులో ఆయన అరచేతిలో ఇమిడే స్ప్రింగు త్రాసు పెట్టుకుంటాడు. ఎదురింటి టీచరమ్మ మనవరాలి పుట్టినరోజుకు పిలిస్తే, కేకు ముక్కను కొక్కేనికి తగిలించి అందరి ముందూ తూచాడు.

"మూడు వందల ఇరవై. మీద ఈ క్రీము పువ్వు తీసేస్తే రెండు వందల డెబ్భై."

"పువ్వు లేకపోతే కేకెందుకండీ?" అంది టీచరమ్మ.

"కేకు లేకపోతే ఇంకా మంచిది. సున్నా."

ఆ మాటకు పుట్టినరోజు పాప బావురుమంది. పాపను ఊరుకోబెట్టడానికి పెదనాన్న ఆ పువ్వు తనే తిని, ఆ యాభై కేలరీలు కరిగేదాకా వాళ్ళ వరండాలోనే అటూ ఇటూ పచార్లు చేశాడు. పాప కూడా ఆయన వెనకాలే నడిచింది. పిల్లలంతా పాప వెనక నడిచారు. ఆ వీధిలో ఇప్పటికీ ఏ పుట్టినరోజు జరిగినా పిల్లలు ఆ ఆటే ఆడతారు.

ఇదంతా చూస్తూ పెరిగిన పిల్ల ఆయన తమ్ముడి కూతురు. ఇంట్లో అందరూ బొద్దమ్మ అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. వారానికి ఓసారైనా పెదనాన్న ఇంటికి రాకపోతే ఆ పిల్లకు తోచేది కాదు.

పెదనాన్న వృత్తి త్రాసులు బాగుచేయడం. ముందు గదే దుకాణం. బంగారం తూచే త్రాసు, మాంసం తూచే త్రాసు, ఉత్తరాలు తూచే త్రాసు అన్నీ అక్కడికి వైద్యానికి వచ్చి బల్ల మీద పక్కపక్కనే పడుకుంటాయి. బాగుచేసిన ప్రతి త్రాసు మీదా ఇత్తడి తూకపు రాయి పెట్టి, ముల్లు వెంట్రుకవాసి అటూ ఇటూ లేదని చూసుకున్నాకే ఇస్తాడు. "ముందు రాయి పెట్టి చూడు, తర్వాత నమ్ము" అని ప్రతివాడికీ చెప్తాడు.

త్రాసు అబద్ధమాడితే మాత్రం ఆయన మనిషి కాడు. పళ్ళ వ్యాపారం చేసే సొంత బావమరిది త్రాసు ఓసారి కాస్త తక్కువ తూచిందని, ఆ కొట్టు ముందు స్టూలు వేసుకు కూర్చుని, వచ్చిన ప్రతి కొనుగోలుదారుకూ "ఇంకో ద్రాక్షగుత్తి అడగండి, మీకు రావాలి" అని చెప్పాడు.

"బావా, నా కొంప ముంచుతున్నావు! స్ప్రింగు సాగిపోయింది, నేనేం చేసేది?"

"స్ప్రింగు సాగితే నా దగ్గరకు తేవాలి. త్రాసే అబద్ధమాడితే ఇంక లోకంలో దేన్ని నమ్మాలిరా?"

బావమరిది ఆ పూటే త్రాసు మోసుకొచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం మాట్లాడలేదు.

ఇంట్లో ఆయనకు సరిజోడు పెద్దమ్మ. ఆసుపత్రి వంటశాలలో వండి వండి రిటైరైన మనిషి. ఆవిడకు అంకెలంటే గిట్టదు. రోజూ భోజనాల బల్ల దగ్గర ఒకటే తగువు.

"కేలరీకి మొహం ఉండదే. బిస్కట్టులోంచి వచ్చినా అదే, చిక్కుడుకాయలోంచి వచ్చినా అదే. లెక్క దాటకపోతే బరువు పెరగం. అంతే శాస్త్రం."

"అయితే సబ్బు తినండి. అదీ కొవ్వుతో చేసిందే. లెక్క కట్టి మూడు పూటలా తినండి, నాకు వంట తప్పుతుంది."

"సబ్బు తిండి కాదు కదే!"

"హమ్మయ్య! తిండికీ తిండి కానిదానికీ తేడా ఉందని ఒప్పుకున్నారు. మిగతాది రేపు ఒప్పుకుందురుగాని, చల్లారిపోతోంది."

పెదనాన్న ఆ సబ్బుకు జవాబు ఏళ్ళ తరబడి వెతుకుతూనే ఉన్నాడు.

ఇలా ఉండగా బొద్దమ్మ పెట్టె సర్దుకుని వచ్చేసింది. వీధి చివర ఫైర్ స్టేషన్ ఉంది. ఫైరింజన్ మీద నిలబడి గంట మోగించుకుంటూ పోవాలని ఆ పిల్లకు చిన్నప్పటి కోరిక. ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. చదువులో నెగ్గింది, బరువు దగ్గర తప్పింది. వాళ్ళు పెట్టిన హద్దుకు బాగా పైన ఉంది. మళ్ళీ పరీక్ష చలికాలం చివర. అదీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక అవకాశం లేదు.

"నాకు మీ లెక్క నేర్పండి పెదనాన్నా" అంది.

పెదనాన్న కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ఆయన మాటలకు నవ్వినవాళ్ళూ, పారిపోయినవాళ్ళూ ఉన్నారు గానీ, శిష్యులు లేరు. వెంటనే పెద్దమ్మ వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు.

"విన్నాను. పాపం పిల్ల" అందావిడ.

శిష్యురాలు గురువును మించిపోయింది. రోజుకింత అని ఆయన చెప్పిన అంకెలోంచి తనే ఇంకాస్త కోసేసింది. పెద్దమ్మ వండినవాటిని ముట్టడం మానేసింది. వాటిలో ఏముందో తూచాలి, కూడాలి, గుణించాలి. అదే బిస్కట్టు ప్యాకెట్టయితే లెక్క వెనకే అచ్చువేసి ఉంటుంది! పొద్దున బిస్కట్లు, మధ్యాహ్నం బిస్కట్లు, సాయంత్రం సీసాలో కూల్‌డ్రింకు, మళ్ళీ ఆకలేస్తే సగం బిస్కట్టు.

"చూశారా పెదనాన్నా, లెక్క దాటలేదు!"

"శభాష్!" అనేవాడు పెదనాన్న, పెద్దమ్మకు వినబడేలా.

బరువు తగ్గింది కూడా. దుకాణంలో మనుషుల్ని తూచే మిషనెక్కి చూసుకున్నప్పుడల్లా ఆ పిల్ల మొహం వెలిగిపోయేది. మొహం అలా వెలిగేది ఆ కాసేపే. మిగతా వేళల్లో పాలిపోయి ఉండేది. పిలిస్తే కసురుకునేది. టీచరమ్మ మనవరాలు ఆడుకుందాం రమ్మంటే కూర్చునే ఆడదాం అనేది.

ఒకరోజు సాయంత్రం ఫైర్ స్టేషన్ డ్రిల్లు మాస్టారు ఆ పిల్లను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. తుమ్మితే కిటికీలు అదిరే మనిషి ఆ పూట చాలా మెల్లగా మాట్లాడాడు.

"నీళ్ళ గొట్టం చుట్ట భుజానికెత్తుకుని టవర్ ఎక్కాలండీ. అది కూడా పరీక్షే. ఈ అమ్మాయి ఇవాళ సాధన చేస్తూ సగం మెట్ల మీద కూలబడిపోయింది. బరువు తగ్గింది సరే, దాంతోపాటు బలం కూడా మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ఏం తింటోంది అసలు?"

పెద్దమ్మ ఏదో ఒకటి అంటుందని బొద్దమ్మ భయపడింది. కానీ ఆవిడ సూప్ గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"వద్దు పెద్దమ్మా. ఇవాళ్టి లెక్క అయిపోయింది" అంది బొద్దమ్మ నీరసంగా.

"లెక్క రేపు చూసుకోవచ్చమ్మా..." అన్నాడు పెదనాన్న.

"మీరే అలా అంటే ఎలా? అంకె అంకే కదా! బిస్కట్టయినా చిక్కుడుకాయయినా ఒకటేనని మీరే కదా చెప్పారు?"

ఆ రోజు పెదనాన్న తన పళ్ళేన్ని తూచకుండానే భోజనం ముగించాడు. అలాంటిది ఆ ఇంట్లో అదే మొదటిసారి.

మర్నాడు భోజనాల బల్ల మీద రెండు కొత్త త్రాసులు కనిపించాయి. ఒకటి స్టీలు రంగుది, ఒకటి నీలం రంగుది.

"వంటింట్లో వండినవీ, పళ్ళూ, పప్పులూ, గుడ్లూ స్టీలు త్రాసు మీద. ప్యాకెట్లోంచి వచ్చినవి నీలం త్రాసు మీద. ఒకదానిది ఒకదాని మీద పెట్టకూడదు" అన్నాడు పెదనాన్న.

"ఎందుకని?"

"జిడ్డు అంటుతుంది. జిడ్డంటితే ముల్లు మొరాయిస్తుంది. ఇకమీదట అచ్చువేసిన లెక్కలు చెల్లవు. ప్రతిదీ తూచాల్సిందే."

గురువాజ్ఞ. బొద్దమ్మ నీలం త్రాసు మీద బిస్కట్లు పెట్టింది. ముల్లు గిర్రున తిరిగింది.

"అమ్మో! ప్యాకెట్టు మీద ఇంత లేదే!"

"ప్యాకెట్టును నమ్ముతావా, నన్ను నమ్ముతావా?"

బొద్దమ్మ రెండు బిస్కట్లు వెనక్కి తీసేసింది. కడుపు నిండలేదు. స్టీలు త్రాసు మీద ఉడికించిన గుడ్డు పెట్టి చూసింది. ముల్లు బద్ధకంగా కొంచెం కదిలి ఆగిపోయింది.

"ఇంత గుడ్డు ఇంతేనా?"

"ఈమధ్య కోళ్ళు కూడా డైటింగ్ చేస్తున్నాయి. ఇంకోటి పెట్టుకో" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మకు పొలమారింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. చిక్కుళ్ళు గుట్టగా పోసినా లెక్కకు పిడికెడే. వేయించిన చేపముక్క, పెరుగు, వేరుశెనగలు అన్నీ దూదిలా తేలిపోయేవి. బిస్కట్లు మాత్రం ఇనుప బిళ్ళల్లా తూగేవి. వాటికి పెట్టిన అంకెతో పళ్ళెంనిండా భోజనం వస్తుంటే ఎవరు మాత్రం బిస్కట్లు తింటారు? ప్యాకెట్టు బల్ల మీద ఉండి ఉండి మెత్తబడింది. చివరికి టీచరమ్మగారి కుక్కకు వేస్తే అది వాసన చూసి వెళ్ళిపోయింది.

బొద్దమ్మ మొహం నిండింది. రోజూ పరుగెత్తింది. గొట్టం చుట్టతో టవర్ చివరిదాకా ఎక్కి అక్కణ్ణుంచి చెయ్యి ఊపింది. బరువు తగ్గుతూనే ఉంది గానీ, మునుపటిలా దూకడం మానేసి నత్తలా నడిచింది. పరీక్ష దగ్గరపడేసరికి హద్దుకు వెంట్రుకవాసి పైన ఆగి మొరాయించింది.

ఆ వారమే ఫైర్ స్టేషన్ వాళ్ళు తమ తూకం మిషన్ సరిచూడమని పెదనాన్నకు కబురుపెట్టారు. ఆయన సంచీ సర్దుకుంటుంటే బొద్దమ్మ గుమ్మం దగ్గర తచ్చాడింది.

"పెదనాన్నా... ఆ మిషన్‌కి నా మీద కాస్త ప్రేమ పుట్టేలా చేయలేరూ?"

పెదనాన్న సంచీ కింద పెట్టి కోపంగా చూశాడు. "త్రాసుకు ప్రేమ ఉండకూడదే. అది మనుషులకుండాలి."

ఆ పిల్లకు మొహం చెల్లలేదు. తప్పయిపోయిందని గొణిగి, బూట్లు వేసుకుని ఇంకో చుట్టు పరుగెత్తి వచ్చింది.

పరీక్షనాడు పెదనాన్న ఫైర్ స్టేషన్ గోడవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. బొద్దమ్మ ఊపిరి బిగబట్టి మిషనెక్కింది.

"ఊపిరి బరువు నాలుగైదు కిలోలేం ఉండదు, వదిలెయ్!" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

వదిలింది. ముల్లు ఊగి ఊగి హద్దు గీత మీదికి వచ్చి, కాస్త ఆలోచించుకుని, గీతకు ఇవతల ఆగింది. ఆ తర్వాత గొట్టం చుట్ట ఎత్తుకుని టవర్ ఎక్కడం ఆ పిల్లకు మేడమెట్లెక్కినట్టే ఉంది. పైనుంచి చూస్తే గోడవతల పెదనాన్న టోపీ తీసి గాల్లోకి ఎగరేస్తున్నాడు.

ఇంటికొచ్చారో లేదో, తగువు మళ్ళీ మొదలైంది.

"చూశావా? లెక్క గెలిచింది!"

"లెక్క మొదట్లోనూ ఉంది, పిల్ల మెట్ల మీద పడింది. గెలిచింది నా చిక్కుళ్ళు."

"చిక్కుళ్ళు కూడా లెక్కలోనే తిందిగా!"

పెద్దమ్మ ఆ మాటకు చిత్రంగా నవ్వింది.

పెదనాన్న బజారుకు వెళ్ళగానే, ఆయన కోసం కేకు చేద్దామని బొద్దమ్మకు అనిపించింది. పిండి తూచడానికి స్టీలు త్రాసు తీసింది. ముందు రాయి పెట్టి చూడమన్న ఆయన మాట గుర్తొచ్చి, దుకాణంలోంచి వంద గ్రాముల ఇత్తడి రాయి తెచ్చి పెట్టింది. ముల్లు డెబ్భై దగ్గర ఆగింది.

రాయి తుడిచి మళ్ళీ పెట్టింది. డెబ్భై. అదే రాయిని నీలం త్రాసు మీద పెట్టింది. నూట నలభై.

"పెద్దమ్మా! ఈ త్రాసులు రెండూ..."

"మెల్లగా మాట్లాడు. పళ్ళకొట్టు మా తమ్ముడు వింటే వీధంతా టముకు వేస్తాడు" అంది పెద్దమ్మ గుడ్లు గిలకొడుతూ. "నువ్వు మెట్ల మీద పడ్డ రోజున కూర్చుని చెడగొట్టారు. బాగుచేయడం తప్ప చెడగొట్టడం చేతకాదుగా, నానా అవస్థ పడ్డారు. ఒక స్ప్రింగు బిగించడం, 'ఛీ నా బతుకు' అనడం, ఇంకోటి వదులుచేయడం, మళ్ళీ 'ఛీ నా బతుకు' అనడం!"

"నాతో నోటితో చెప్తే సరిపోయేదిగా?"

"చెప్తే విన్నావా? సూప్ పెడితే వద్దన్నావు. నీకు అంకె మీద తప్ప మనిషి మీద నమ్మకం లేకపోయె. ఆ నమ్మకం నేర్పింది ఆయనే. మరి దిద్దుకోవద్దూ?"

బొద్దమ్మ ఇత్తడి రాయిని తిరిగి దుకాణంలో పెట్టి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు నుంచీ పెదనాన్న ఒక్కసారి కూడా చిక్కుడుకాయనూ బిస్కట్టునూ ఒకటే అనలేదు.

కేకు తయారయింది. పెదనాన్న బజారు నుంచి వచ్చి, దాన్ని చూసి, అలవాటుగా జేబు తడుముకున్నాడు.

"మీరు ఉండండి, నేను తూస్తాను" అంది బొద్దమ్మ. క్రీము పువ్వుతో సహా దిండంత ముక్క కోసి స్టీలు త్రాసు మీద పెట్టింది.

"కేకు వండింది వంటింట్లోనే కదా పెదనాన్నా, స్టీలుదే వాడాలి. ఎంతో లేదు... మూడు వందల పది."

తూచకుండానే గ్రాములు చెప్పగల మనిషాయన. ముక్కను చూశాడు. ముల్లును చూశాడు. బొద్దమ్మను చూశాడు. పెద్దమ్మ కిటికీలోంచి ఏదో చాలా ముఖ్యమైన విషయం చూస్తున్నట్టు నిలబడింది. పెదనాన్న చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

"అంతేనంటావా?" అన్నాడు చివరికి.

"త్రాసును నమ్ముతారా, నన్ను నమ్ముతారా?"

పెదనాన్న పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు. పువ్వుతో మొదలుపెట్టి, తొందరపడకుండా, చివరి పొడి దాకా తిని వేళ్ళు నాకాడు.

"ఇంకో ముక్క తూచమ్మా" అన్నాడు.