పైరగాలి వేళ పరుపు విప్పితే

ఆ రోజుల్లో ఎవరైనా ఏదైనా వద్దంటే చాలు, ఆ పని చేసి తీరేదాన్ని. ఇరవై మూడేళ్ల వయసు, సొంత మోపెడ్, నెల్లూరులో స్పాంజి పరుపుల దుకాణంలో ఉద్యోగం. ఇన్ని ఉండి బుద్ధి ఒక్కటి తక్కువైతే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోవచ్చు. మా నాయన సైకిల్ మీద ఊరూరా తిరిగి బూరుగు దూది పరుపులు కుట్టి నన్ను చదివించాడు. నేనేమో దుకాణానికి వచ్చినవాళ్లకి దూది పరుపు నడుముకి మంచిది కాదక్కా అని చెప్పి స్పాంజివి అమ్మేదాన్ని. (నాయన ఒకసారి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.)

అమ్మ నాకు ఆరేళ్లప్పుడే పోయింది. నాయన పోయిన నలభయ్యో రోజు చుట్టాలంతా భోజనాలకి కూర్చున్నప్పుడు మా చిన్నాయన, మా ఇంటి ఆడవాళ్లు ఏనాడూ గడప దాటి పని చెయ్యలేదని, తన వదిన, అంటే మా అమ్మైతే, పరుపులు కుట్టే దబ్బనం ఎట్లా ఉంటుందో కూడా ఎరగదని గొప్పగా చెప్పుకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మ గురించి నాకు మిగిలినవే నాలుగైదు జ్ఞాపకాలు. అందులో ఒకటి, సాయంత్రం అలిసిపోయి ఇంటికొచ్చిన అమ్మ జుట్టులోంచి నేను దూది ఏరడం. అదీ లేదంటే నాకిక అమ్మ ఎక్కడుంది? మరి అమ్మ జుట్టులోకి దూది ఎట్లా వచ్చిందని అడిగాను.

"అది నీ కల పాపా. మీ అమ్మ ఇల్లు కదల్లా," అన్నాడు చిన్నాయన.

నాయన తిరిగిన ఊళ్లన్నీ తిరిగి నేనే కనుక్కుంటానన్నాను. ఇంటి పరువు తియ్యొద్దన్నాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అత్తలు ముక్కున వేలేసుకున్నారు. అందరూ కలిసి వద్దన్నారు కదా, ఇంకేం కావాలి నాకు.

ఆ ఆదివారమే బయల్దేరాను. పొద్దున బుచ్చిరెడ్డిపాలెంలో ఏ ఇంట్లో అడిగినా నాయన ఎవరికీ గుర్తులేడు, మంచాల మీద మాత్రం నేనమ్మిన స్పాంజి పరుపులే. విడవలూరు దాటి సముద్రం ఒడ్డున ఒక పాలెం చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అక్కడ ఒక అవ్వ నా గడ్డం పట్టుకుని చూసి, పరుపుల సాయిబు కూతురివా అంది. ఆయన దగ్గర చేయించుకున్న పరుపు ఇంకా తన మంచం మీదే ఉందని లోపలికి తీసుకెళ్లి చూపించింది. ముద్దలు కట్టిన ఆ పరుపుని చూడగానే అడగడానికి వచ్చిన సంగతి కాస్తా మర్చిపోయి, నాయన పనితనం నా రక్తంలో ఉందని చూపించాలన్న పిచ్చి పట్టింది నాకు. దీన్ని విప్పి, దూది కొట్టి, మళ్లీ కుట్టి ఇస్తానన్నాను. వద్దులేమ్మా అంది అవ్వ. (ఆ మాటే అనకూడదు.) పరుపుని వాకిట్లో పరిచి, నడిమి కుట్లు కోసేసి, మూడు వైపులా కత్తెర ఆడించి, దూది కుప్ప పోసి కర్రతో బాదడం మొదలుపెట్టాను.

సముద్రం పక్కన బూరుగు దూదిని పొద్దున్నే, గాలి లేవకముందే, తలుపులేసుకుని విప్పాలని పరుపులు కుట్టే ప్రతి ఒక్కరికీ తెలుసు. స్పాంజి అమ్మేవాళ్లకి తెలియదు. నేను పదో దెబ్బ వేసేలోపు సముద్రం మీంచి పైరగాలి లేచింది. సగం కుప్ప ఒక్కసారిగా పైకి లేచి, వాకిలి దాటి, పక్కవాళ్లు ఇసుకలో ఎండబెట్టుకున్న నెత్తళ్ల మీద దిగింది. చేపలకి ఈకలు మొలిచాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నా ఏడు తరాలనీ కడిగి, బండెక్కి పొమ్మన్నారు. పొమ్మంటే పోతానా? అక్కడే చతికిలబడి ఒక్కొక్క చేప నుంచీ దూది ఏరాను.

అవ్వ మాత్రం తిట్టలేదు. నా పక్కన కూర్చుని, నేను తెంపిన దారాలు ఒళ్లో పోగేసుకుంటూ, మీ నాయన ఒక్క మూల విప్పేవాడమ్మా, ఇట్లా పీక కోసేవాడు కాదు అంది.

"అయినా ఇయ్యి మీ నాయన కుట్లు గాదులే. ఆయన దూది కొట్టి బీడీ కాల్చుకుంటా కూచునేవాడు. కుట్టిందంతా మీ అమ్మే. నిన్ను ఆ పంచలో చీర ఉయ్యాలేసి పండబెట్టి, కాలితో ఊపతా కుట్టింది."

కత్తెర ఇంకా నా ఒళ్లోనే ఉంది. అమ్మ చేతి పని కోసం ఇంత దూరం వచ్చి, దాన్ని నా చేత్తోనే కోసిపారేశాను. నెత్తళ్ల ముందు కూర్చుని భోరున ఏడ్చాను. అందరికన్నా ఎక్కువ తిట్టినావిడే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

నాలుగో వైపు మిగిలింది. దగ్గర దగ్గరగా, చీమల బారులా, ఎక్కడా వంక లేని కుట్టు. ఆ అంచు కత్తిరించి ఇమ్మని, మా చిన్నాయన ముఖాన కొట్టాలని, బదులుగా కొత్త పరుపు తెచ్చిస్తానని అవ్వని బతిమాలాను.

"ఇయ్యను," అంది అవ్వ. "మీ అమ్మ నాకు కుట్టింది. మీ చిన్నాయన్నే ఈడికి రమ్మను, చూపిస్తా."

మిగిలిన దూదితో ఆ మూడు వైపులూ నేనే కుట్టి, పొద్దుగూకాక ఇల్లు చేరి, అవ్వ కబురు చిన్నాయనకి చెప్పాను. తీరిక చూసుకుని పోదామన్నాడు. ఏళ్లు గడిచాయి. ఏ పెళ్లిలో కనిపించినా, నలుగురి ముందూ, ఎప్పుడు పోదాం చిన్నాయనా అని అడుగుతాను. బిర్యానీ చల్లారిపోతోందంటాడు. అమ్మ గడప దాటలేదన్న మాట మాత్రం ఆయన నోట మళ్లీ వినలేదు.

నేనైతే ఏడాదికోసారి ఆ పాలెం వెళ్తాను. నా వంకర కుట్లు చూస్తే ఆ పొగరుబోతు పిల్ల మీద నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా. అవ్వ ఇంకా ఆ పరుపు మీదే పడుకుంటోంది. అమ్మ కుట్టిన వైపు తల పెట్టుకుంటుంది, నేను కుట్టిన వైపు కాళ్లు. అదీ న్యాయమే.