గార్డ్ సాబ్ ముందు నడిచిన రాత్రి

పోయిన గురువారం పొద్దున్న ఆరుంపావుకి నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. గార్డ్ సాబ్ కోడలు. "ఆంటీ, ఇయ్యాల వాకింగ్‌కి మామయ్య కోసం చూడకుండ్రి. రాత్రి నిద్రలనే పోయిండ్రు," అంది. ఆ అమ్మాయి గొంతు నిదానంగానే ఉంది. నాకే మాట ఎక్కలేదు. "అయితే రేపొస్తారా?" అని అడిగాను. అడిగాక నా మాట నా చెవిన పడి, ఒక కాలికి బూటు ఉండి ఒక కాలికి లేకుండా మెట్ల మీద కూర్చుండిపోయాను.

మారేడ్‌పల్లిలో మా వీధి చివరింట్లో ఉండేవారాయన. డెబ్బై నాలుగేళ్ళు. మొదట గూడ్సు బండ్లకి, తర్వాత ప్యాసింజర్లకి గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడా ఉద్యోగానికి ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టారట. ఆయన ముందు ఆ పేరెత్తితే, "బండి ఎనుక నిలబడెటోడు మేనేజర్ ఎట్ల అయితడమ్మా, గార్డే" అని కొట్టిపారేసేవారు. మా అందరికీ ఆయన గార్డ్ సాబే.

ఇది చదివే మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు పదిమంది కూడా ఉండరేమో. నేను ఏడుస్తూ రాస్తున్నాననుకోకండి. ఏడవాల్సింది ఆ రెండు రోజుల్లో ఏడ్చేశాను. ఇప్పుడు కూర్చున్నది ఆయన గెలిచిన ఒక రాత్రి గురించి చెప్పడానికి. స్నేహితులతో కలిసి ఆరేళ్ళపాటు ఏటా ఒకే కొండ ఎక్కి, ఆరేళ్ళూ కొండ కొసనుంచి పొద్దుపొడుపు చూడకుండానే దిగివచ్చిన మనిషాయన. ఏడో ఏడు చూశారు.

రైల్వే గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళం అయిదుగురం. మందుల షాపాయన, ఆయన భార్య, రిటైరైన హిందీ టీచరమ్మ, బ్యాంకు ఉద్యోగం చేస్తున్న నేను, గార్డ్ సాబ్. అనుకున్న టైముకి పది నిమిషాల ముందే ఆయన గేటు దగ్గర ఉండేవారు. నడక మొదలవగానే గడియారం చూసుకుని, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో ఆ టైము రాసుకునేవారు. ఎవరికి చూపించాలని రాస్తున్నారని ఒకసారి అడిగాను. "చూపనీకి కాదమ్మా. రాయకుంటే బండి కదిలినట్టే అనిపియ్యది నాకు," అన్నారు. ఎప్పుడూ మా అందరి వెనకే నడిచేవారు. మేం కబుర్లాడుకుంటూ ఆగిపోతే ఆయనా నాలుగడుగుల వెనక ఆగేవారు తప్ప దాటి వెళ్ళేవారు కాదు. నడక అయ్యాక స్టీలు డబ్బా తీసి తలా రెండు సకినాలు చేతిలో పెట్టి, మా అందరూ ఇళ్ళదారి పట్టాకే తాను కదిలేవారు.

కొండ ఎక్కుదామన్నది టీచరమ్మ ఆలోచన. మెదక్ దారిలో ఒక రాతికొండ ఉంది, ఆ ఊరివాళ్ళు పెద్దగుట్ట అంటారు. చలికాలంలో ఒక పున్నమి రాత్రి రెండింటికి ఎక్కడం మొదలుపెట్టి, పొద్దుపొడిచేలోగా పైకి చేరాలి. గార్డ్ సాబ్ సరేనన్నారు, కానీ ఒక కానూన్ పెట్టారు. పావుగంటకోసారి ఆయన వెనకనుంచి "నంబర్" అని కేకేస్తారు. ముందు నడిచే మనిషి "ఒకటి" అనాలి, తర్వాతి మనిషి "రెండు" అనాలి. అలా వచ్చి వచ్చి చివర ఆయన "అయిదు, బండి బరాబర్" అంటారు. ఏ నంబరు పలక్కపోయినా బండి కదలదు.

ఆ మొదటి ఏడు చెడగొట్టింది నేనే. నాకు ఆగడం చేతకాదు. లిఫ్టు రావడం ఆలస్యమైతే ఆరంతస్తులు మెట్లెక్కే రకం. మందుల షాపాయన పది అడుగులకోసారి మోకాళ్ళు పట్టుకుని నిలబడుతుంటే నా ప్రాణం విసిగిపోయింది. ముందున్నది నేనే కదా అని, ఎవరికీ చెప్పకుండా చకచకా వెళ్ళిపోయాను. దారి రెండుగా చీలిన చోట రాయి మీది సున్నం గుర్తు చూసుకోకుండా ఎడమకి తిరిగాను. అరగంట నడిచాక ఒక నిలువు బండ అడ్డమొచ్చింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. వెనక్కి తిరిగితే ఏ సందులోంచి వచ్చానో కూడా తెలియలేదు.

కింద ఆయన "నంబర్" అన్నారు. "ఒకటి" పలకలేదు. అంతే, ముగ్గురినీ అక్కడే కూర్చోబెట్టి, నిమిషానికోసారి ఈల వేస్తూ టార్చి ఊపుతూ నిలబడ్డారు. ఆ ఈల పట్టుకుని తడుముకుంటూ నేను వాళ్ళ దగ్గరికి చేరేసరికి ఆకాశం తెల్లబడిపోయింది. కొండకి అవతలివైపు సూర్యుడు ఎప్పుడో పొడిచేశాడు.

సిగ్గుపడాల్సింది పోయి నేను ఎగిరాను. "నాకోసం ఎందుకు ఆగారండీ? మీరు వెళ్ళి చూస్తే నేను ఎలాగోలా వచ్చేదాన్ని కదా," అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. భుజానికున్న సంచీ ముందుకి తిప్పి, దాని వెనక తగిలించిన చిన్న ఎర్ర దీపం చూపించారు. "ఇంజన్ వొస్తె బండి వొచ్చినట్టు కాదమ్మా. ఆఖరి డబ్బా వొస్తెనే వొచ్చినట్టు. స్టేషనోళ్ళు చూసేది ఇంజన్‌ను కాదు, ఆఖరి డబ్బా ఎనుక ఉండె దీపాన్ని. అది కనవడకుంటే నడుమల ఏదో తెగినట్టే," అన్నారు. ఆ పొద్దున్నుంచి నా పేరు ఇంజనమ్మ అయింది.

రెండో ఏడు కానూన్ ఇంకాస్త బిగిసింది. "అందరికన్న మెల్లగ నడిచెటోళ్ళు ముందు. ఎనుకోళ్ళు వాళ్ళను దాటేది లేదు." అలా మందుల షాపాయన ఇంజనయ్యారు, నేను గార్డ్ సాబ్‌కి సరిగ్గా ముందు పడ్డాను. నావంటిదానికి అంతకు మించిన శిక్ష లేదు. కానీ ఒప్పుకోవాలి, ఆ తర్వాత మాలో ఎవరం తప్పిపోలేదు.

తప్పిపోయింది ఆయన పొద్దుపొడుపే. రెండో ఏడు కొస ఇంకో ఇరవై నిమిషాలుందనగా మందుల షాపాయనకి పిక్క పట్టేసింది. ఆయన దగ్గర కూర్చుని కాలు రుద్దుతూ మమ్మల్ని పైకి పంపేశారు. ఎక్కడున్నాడో తెలిసిన మనిషి కోసం బండి ఆగక్కర్లేదు, తెలియని మనిషి కోసమే ఆగాలి అని ఆయన లెక్క. మూడో ఏడు టీచరమ్మ మడమ మెలికపడింది. నాలుగో ఏడు ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దావిడ, పిల్లలు ముందుకెళ్ళిపోతే దారి పక్కన కూర్చుని వణుకుతోంది. ఆవిడకి తన శాలువా కప్పి తోడున్నారు. అయిదో ఏడు ఎవరికీ ఏమీ కాలేదు, మంచు దిగింది. అందరం తెల్లటి పొగ చూసి వచ్చాం. ఆరో ఏడు మళ్ళీ మందుల షాపాయన, మళ్ళీ అదే పిక్క.

ప్రతిసారీ ఆయన మాట ఒక్కటే. "మీరు వొయ్యి మంచిగ చూసుండ్రి. దిగొచ్చినంక చెప్పుండ్రి, సాలు." మేం దిగొచ్చి చెప్పేవాళ్ళం. టీచరమ్మ చేతులు తిప్పుతూ, ముందు ఎలా ఎర్రబడింది, ఎలా ఒక అంచు పైకొచ్చింది అని చెబుతుంటే ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు. మర్నాడు గ్రౌండ్‌లో మళ్ళీ అడిగి చెప్పించుకునేవారు. వినే ఆయనకి ఏ లోటూ లేనట్టే ఉండేది. నాకు మాత్రం అది పంటికింద రాయి. మొదటిసారి పోగొట్టింది నేను కదా.

పోయిన ఏడు వానాకాలంలో ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. జేబులో పుస్తకం పక్కన పీల్చే మందు చేరింది. గ్రౌండ్ చుట్టూ ఒక్క చుట్టుకే ఆయాసం. డాక్టరు మెల్లగా నడవొచ్చన్నారట. కొండెక్కొచ్చని అనలేదు, ఎక్కొద్దనీ అనలేదు. అడిగితే కదా అనడానికి. చలికాలం రాగానే, "నేను సుత వస్త. కింద కార్లనే కూసుంట, ఫోన్‌ల నంబర్ పిలుస్త," అన్నారు. పైన సిగ్నల్ ఉండదని మా అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

గుట్ట కింద కారాగగానే ఆయన చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. సంచీ తగిలించుకున్నారు, దీపం వెలిగించారు, వెళ్ళి వరసలో చివర నిలబడ్డారు. నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.

"గిదేంది ఇంజనమ్మా, ముందుకు వో."

"మీరు వెళ్ళండి సాబ్ ముందుకి. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళు ముందు. నేను పెట్టిన కానూనా ఇది?"

"కానూన్ అందరికి ఒక్కటే సాబ్," అన్నారు మందుల షాపాయన. "అయిదేండ్లసంది నేను ముందు నడుస్తలేనా? నాకు సిగ్గు లేదా?" ఆయన భార్య నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

గార్డ్ సాబ్ తన సంచీకున్న దీపం విప్పి నా సంచీకి తగిలించారు. రెండుసార్లు లాగి చూశారు. ఈల నా చేతిలో పెట్టారు. "నంబర్ తప్పితే ఆగాలె. పొద్దు పొడిచినా సరే ఆగాలె," అన్నారు. ఆగుతానన్నాను. ఆ మాట నమ్మడానికి నాకంటే తగని మనిషి ఇంకొకరు దొరకరని ఆయనకీ తెలుసు, అయినా నమ్మారు.

ఇరవై అడుగులు నడక, రెండు నిమిషాలు విశ్రాంతి. మొదటిసారి నేను "నంబర్" అని కేకేస్తే ముందునుంచి "అయిదు" అని వినబడింది. "మీరు ఒకటి సాబ్, ఒకటి," అంది టీచరమ్మ. "అవునమ్మా, ఒకటి," అన్నారు గొణుక్కుంటూ. తర్వాతి పావుగంటకీ అదే తప్పు. మూడోసారికి గాని ఆయన నోటికి ఒకటి రాలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, అందరికంటే వెనక ఉంటే నాకు తొందర పుట్టలేదు. ఎవరు తూలుతున్నారు, ఎవరు నీళ్ళు తాగలేదు అని చూసుకోవడంలోనే సరిపోయింది.

చివరి నున్నటి బండ కింద ఆయన కూలబడ్డారు. తూర్పు పక్క అప్పటికే పలచబడింది. మందు పీల్చి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇగ నాతోని కాదు. మీరు వొయ్యి చూసుండ్రి. దిగొచ్చినంక చెప్పుండ్రి," అన్నారు.

టీచరమ్మ ఆయన పక్కనే చతికిలబడింది. "నేను చెప్ప. చెప్పి చెప్పి నోరు నొస్తుంది నాకు," అంది. మందుల షాపాయన, ఆయన భార్య కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎవరం బతిమాలలేదు. ఆకాశం ఎర్రబడుతోంది. ఆయన దానివైపు చూశారు, మావైపు చూశారు, గడియారం చూశారు.

"మీకు సుత పోతది," అన్నారు.

"పోనివ్వండి సాబ్. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం."

"వొచ్చే ఏడు నేనుంటనా?"

"ఉండరని తెలిస్తే ఇప్పుడే లేవండి మరి," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. మందుల షాపాయన భార్య నా చెయ్యి గిల్లింది. గార్డ్ సాబ్ నన్ను తేరిపార చూసి, ఒక్కసారిగా నవ్వారు. నవ్వు దగ్గయి, దగ్గు తగ్గి, మళ్ళీ నవ్వయింది. "మాట జెర ఖరాబుగున్నది గని, లెక్క బరాబరే," అని చేతులు నేలకానించి లేచారు.

ఆ బండ మీద ఆయన సగం నడిచారు, సగం పాకారు. మందుల షాపాయన వెనకనుంచి నడుముకి చెయ్యి ఆనించి ఉంచారు. పైన రెండు పెద్ద గుండురాళ్ళ నడుమ సందు ఉంది, ఒక్కొక్క మనిషే పక్కకి తిరిగి దూరాలి. మొదట గార్డ్ సాబ్ దూరారు. ఆ ఏడు మా అందరికంటే ముందు ఆ కొస మీద కాలు పెట్టింది ఆయనే. ఆయన వెనక మందుల షాపాయన, టీచరమ్మ, షాపాయన భార్య. ఆఖరున నేను చీకటి సందులో నిలబడి, నా వంతు కోసం, బతుకులో మొదటిసారి, తోసుకోకుండా ఆగాను.

తర్వాత మందుల షాపాయన చెప్పారు. సూర్యుడి అంచు కనబడ్డప్పటినుంచి గుండ్రంగా పైకి వచ్చేదాకా సాబ్ మంకీ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డారట. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదట. అంతా అయ్యాక, "గింతేనా? గిది మా మిద్దె మీదికెల్లి సుత కనవడుతది గద," అన్నారట.

నేను సందులోంచి బయటపడేసరికి ఆయన చదును బండ మీద కూర్చుని ఉన్నారు, సూర్యుడికి వీపు పెట్టి, మేం వచ్చే దారివైపు తిరిగి.

"సాబ్, పొద్దు అటువైపు," అన్నాను.

"చూసిన తియ్యమ్మా. మంచిగున్నది," అన్నారు. "ఇన్నేండ్లు మీ వీపులు చూసుకుంటనే నడిచిన. పైకొచ్చినంక మీ మొకాలు గిట్ల వెలుగుతయని నాకేం ఎరుక?"

ఎండ నేరుగా మా నలుగురి మొహాల మీద పడుతోంది. చెమట, దుమ్ము, చెదిరిన జుట్టు, అన్నీ కనబడేటంత ఎండ. టీచరమ్మ సిగ్గుపడి కొంగుతో మొహం తుడుచుకోబోతే వద్దని చెయ్యి ఊపారు. ఒక్కొక్కరినీ వరసగా చూస్తూ, చివర నా దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టారు.