పొలిమేర మీద మంచం

మా పుట్టిల్లు శేరిగూడ, అత్తిల్లు ఇబ్రహీంపట్నం. మా మామ లెక్కలో నడుమ దూరం రెండు చుట్టలు కాల్చేంత. రెండూళ్ల పొలాలకూ చెరువు నీళ్లు ఒకే కాలువలో వచ్చేవి. నిజాం కాలంలో ఒక ఏడు, నాట్ల వేళ, నీళ్లు మళ్లించే మడవ దగ్గర కొట్లాటయింది. మా బాపు, మా మామ తలకున్న రుమాలు లాగి బురదలో వేశాడు. మామ ఆయన చెప్పులు కాలువలోకి విసిరాడు. ఇద్దరూ మహావీరులే. అప్పటికి నాకు తొమ్మిదో నెల.

పంచాయితీ మూడు రోజులు నడిచింది. రొట్టెలు చేసి పంపడం, ఖాళీ గిన్నెలు తోముకోవడం వరకే ఆడవాళ్ల వంతు. మూడో నాడు పట్వారీ ఉర్దూలో రాజీ కాగితం రాసి, తెలుగులో చదివి వినిపించాడట. పంట ఇంటికొచ్చేదాకా ఈ ఊరివాళ్లు ఆ ఊరి పొలిమేర తొక్కకూడదు, ఆ ఊరివాళ్లు ఈ ఊరిది తొక్కకూడదు. అందరూ తలలూపి వేలిముద్రలు వేశారు.

మామ ఇంటికొచ్చి, "రాజీ మస్తుగ కుదిరింది" అంటూ కాళ్లు కడుక్కోబోయాడు.

"మంచిగైంది. మరి కోడలు యాడ కంటది?" అంది అత్త.

మామ చెంబు కింద పెట్టేశాడు. తొలికాన్పు పుట్టింట్లోనే కావాలి. నన్ను కన్నవాడొకడు, కోడలిగా తెచ్చుకున్నవాడొకడు, మూడు రోజులు ఎదురెదురుగా కూర్చున్నా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. "పట్వారైనా చెప్పొద్దా" అని గొణిగి మామ పెరట్లోకి జారుకున్నాడు. నాకు మాత్రం అమ్మ పక్కన లేకుండా కనడం నా వల్ల కాదనిపించింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ వచ్చి పొలిమేర రాయి దగ్గర ఆగిపోయింది. అత్త నన్ను వెంటబెట్టుకుని ఇవతల నిలబడింది.

"ఇంట్లకు రా వదినె" అంది అత్త.

"ఎట్ల రావాలె? మీ అన్న ఏలుముద్ర ఏసొచ్చిండు."

"మా ఆయన గుడ ఏసిండు. ముద్రలకాడ ఇద్దరి ఏళ్లు మంచిగనే పనిచేసినయ్."

అత్త మనిషిని పంపి నులక మంచం తెప్పించింది. రెండు కోళ్లు ఆ ఊళ్లో, రెండు ఈ ఊళ్లో ఉండేలా బండ్ల బాటకు అడ్డంగా వేయించి నన్ను కూర్చోబెట్టింది. "గీడనే కను బిడ్డా. తల ఎటు దిక్కు పడితె ఆ ఊరోడైతడు" అంది. అటు బండ్లు అటు, ఇటు బండ్లు ఇటు ఆగిపోయాయి. కాసేపటికి పటేలూ, పట్వారీ, వెనకాల బాపూ, మామా వచ్చారు.

"ఆడోళ్లకు పంచాయితిల ఏం పని?" అన్నాడు పటేలు.

"మేం పంచాయితికి రాలే పటేలా. పంచాయితే మా మంచం కాడికొచ్చింది" అంది అత్త.

అమ్మ అటు కోడు దగ్గర, అత్త ఇటు కోడు దగ్గర కూర్చుని, మామ ఒక చుట్ట కాల్చేలోపు తేల్చేశారు. పొద్దున నీళ్లు శేరిగూడకు, పొద్దు తిరిగాక మాకు. మడవ తిప్పడం నాట్లకు పోయే ఆడవాళ్ల పని. మగవాళ్లు ఆ దరిదాపులకు రావద్దు. పొలిమేర మాట కొట్టేయాలి. పట్వారీ అన్నీ రాసుకుని, ఆడవాళ్ల వేలిముద్రలు తీసుకునే రివాజు లేదన్నాడు. అయితే మంచం తీసే రివాజు కూడా లేదంది అత్త. ఆయన సిరా బుడ్డి ముందుకు జరిపాడు.

బాపే బండి కట్టుకొచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. నాకు నవ్వు ఆగడం లేదు. ఆయన మాత్రం ఎడ్ల వంకే చూస్తూ బండి తోలాడు.

"మూడు దినాలు కూసున్న గని, నువ్వు యాదికే రాలే బిడ్డా" అన్నాడు చివరికి.

అంతదాకా నవ్విన నేను శేరిగూడ చేరేదాకా ఏడ్చాను.