కోళ్ల సాక్ష్యం

అనుమానం పెనుభూతమంటారు. గాల్వే ఊరి శివార్లలో డెర్వ్లా ఇంట్లో ఆ భూతం వంటగదిలోనే కాపురముంటుంది. కూతురు ఊనాకి గోధుమలూ పాలూ పడవని తేలిన నాటి నుంచి ఆమె చెక్కగరిటెను వాసన చూస్తుంది, కత్తిని వెలుతురుకెత్తి తిప్పుతుంది, బేకరీలో పనిచేసే మొగుడు కొలమ్ చొక్కా దులుపుకుంటే గాని గడప దాటనివ్వదు. వంటసోడాతో పొంగించే సోడా రొట్టెకి గోధుమపిండి మాని బియ్యప్పిండీ బంగాళదుంప పిండీ కలిపి, మజ్జిగకు బదులు కొబ్బరిపాలల్లో నిమ్మకాయ పిండుతుంది. రొట్టె రోజూ పీటచెక్కలాగే వస్తుంది. మిగిలింది పెరట్లో వేస్తే కోళ్లు కూడా ఓసారి పొడిచి వదిలేస్తాయి.

ఆ ఆదివారం మాత్రం రొట్టె పొంగింది. పైన పెట్టిన శిలువ గాటు పువ్వులా విచ్చుకుంది. డెర్వ్లా ఓ ముక్క నోట్లో వేసుకుంది. అచ్చం వాళ్లమ్మ చేతి గోధుమ రొట్టె. ఆమె మొహం పాలిపోయింది.

"ఏమయ్యా, నా పిండిడబ్బా ముట్టుకున్నావా?"

"నీ డబ్బా జోలికి నేనెందుకొస్తానే? ఏం, బాలేదా?"

"బాగుంది. అదే నా భయం."

"ఇన్నాళ్లకి చెయ్యి కుదిరిందేమోనే!"

"ఒక్క రవ్వ గోధుమ తగిలి పిల్ల ఆస్పత్రి పాలైంది మర్చిపోయావా?"

వాసన పట్టి ఊనా మెట్లు దిగేలోపే రొట్టె పెరట్లో పడింది. కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ చిటికెలో పొడైనా మిగల్చకుండా తినేశాయి.

డెర్వ్లా మొగుడి వైపు తిరిగింది. "ఇంకా సాక్ష్యం కావాలా?"